బుల్‌డోజరు: మాట, మట్టి, మనిషి

ఆంగ్లం నుండి మన భాషలోకి వచ్చి స్థిరపడిన యంత్రాల పేర్లలో చాలావాటి పుట్టుక చెప్పడం కష్టం కాదు. లాగేది కనుక ట్రాక్టరు. దొర్లేది కనుక రోలరు. మెడ చాచిన కొక్కెరను పోలింది కనుక క్రేను. బుల్‌డోజరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వ్యుత్పత్తి తడబడుతుంది. బుల్ అంటే ఎద్దు గదా, ఆంబోతులాగ ఎదురున్నదాన్ని తోసుకుంటూ పోతుంది గనుక ఆ పేరు వచ్చి ఉంటుందని చాలామంది అనుకుంటారు. వినడానికి బాగానే ఉంటుంది, కాని చరిత్ర అది కాదు. ఆ మాట పుట్టినప్పుడు ఆ యంత్రమే లేదు. యంత్రానికి దాదాపు అర్ధశతాబ్దం ముందే మాట పుట్టింది. పుట్టింది మట్టిలో కాదు, మనుషుల వీపుల మీద.

తెలుగు పండితునికి మట్టి తోసే బండితో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. ఒక మాట దొరికితే దాని వెంట నడిచిపోవడం నాకున్న పాత అలవాటు. ఈ మాట వెంట నడిస్తే అది నన్ను అమెరికా దక్షిణ రాష్ట్రాల నుండి కాన్సాస్ పొలాలకు, అక్కడి నుండి అలాస్కా అడవులకు, చివరికి మన అస్సాం కొండలకు తీసుకువెళ్ళింది. దారిలో ఆ యంత్రం మట్టిని ఎలా కోస్తుందో, ఎలా చదును చేస్తుందో కూడా తెలుసుకోవలసి వచ్చింది. ఆ పనితనం తెలియకపోతే ఈ చరిత్రలోని అసలు విషయం అర్థం కాదని తోచింది. అందుకే టపా కొంచెం పెద్దదైంది. చదువరులు ఓపిక పట్టగలరు.

1876వ సంవత్సరం. అమెరికాలో అంతర్యుద్ధం ముగిసి పదకొండేళ్ళయింది. బానిసత్వం రద్దయింది. 1870లో పదిహేనవ రాజ్యాంగ సవరణ ద్వారా నల్లజాతి పురుషులకు ఓటుహక్కు వచ్చింది. హక్కు కాగితం మీదకు వచ్చింది కాని, దానిని వాడుకోవడానికి వెళ్ళే దారి మీద కొరడాలు కాపు కాశాయి. ఆ ఏడు అధ్యక్ష ఎన్నికలలో హేస్, టిల్డెన్ పోటీ పడుతున్నారు. లూసియానా రాష్ట్రంలో నల్లజాతి ఓటర్లను పోలింగు దగ్గరికి రానీయకుండా చేయడానికి, వచ్చినా తమకు నచ్చినట్లు వేయించడానికి ముఠాలు బయలుదేరాయి. రాత్రివేళ ఇళ్ళ మీద పడి కొరడాలతో కొట్టడం, అప్పటికీ లొంగకపోతే చంపడం వారి పద్ధతి. ఆ దెబ్బలకు వారు పెట్టుకున్న ముద్దుపేరు బుల్‌డోస్. ఎద్దుకు సరిపడేంత మోతాదు అని అర్థం. కొట్టేవాడు బుల్‌డోజరు. అప్పటి వార్తాపత్రికలలో ఈ మాట కొద్ది నెలలలోనే దేశమంతటా పాకింది.

ఆ ఎన్నికల ఫలితం వివాదంలో పడింది. వివాదం పడిన రాష్ట్రాలలో లూసియానా ఒకటి. చివరికి 185కు 184 ఎలక్టోరల్ ఓట్లతో, ఒకే ఒక్క ఓటు తేడాతో, హేస్ అధ్యక్షుడయ్యాడు. 1877లో దక్షిణ రాష్ట్రాల ప్రభుత్వాలకు కాపుగా నిలిచిన కేంద్ర సైన్యం పక్కకు తప్పుకుంది. అక్కడి నల్లవారి ఓటుహక్కు ఆ తరువాత చాలా దశాబ్దాలు పేరుకే మిగిలింది. 1965లో ఓటుహక్కుల చట్టం వచ్చిందాకా దానికి తగిన రక్షణ దొరకలేదు.

భాషాశాస్త్రంలో అర్థవ్యాకోచమని ఒకటి చదువుకున్నాము గదా. తైలమంటే మొదట నువ్వుల నుండి తీసిన నూనె మాత్రమే. తరువాత అన్ని నూనెలూ తైలాలే అయ్యాయి. అదే విధంగా బుల్‌డోజు చేయడమంటే మొదట కొరడాతో కొట్టడం, తరువాత ఏ రకంగానైనా భయపెట్టి లొంగదీయడం. పందొమ్మిదో శతాబ్దం ముగిసేలోగానే ఇనుప కడ్డీలను బలవంతంగా వంచే పెద్ద మరకు కర్మాగారాలలో ఆ పేరు పెట్టారు. అక్కడి నుండి మట్టిని బలవంతంగా తోసే పలకకు చేరింది. 1930 ప్రాంతానికి మాట యంత్రం మీద స్థిరపడింది. మొదటి అర్థం మరుగున పడిపోయింది. అర్థం మరుగున పడిందేగాని, అందులోని దెబ్బ మరుగున పడిందా అన్నది తరువాత చూద్దాం.

ఇక యంత్రం కథ. మట్టిని తోయడానికి నిలువుపలక వాడడం యంత్రాలతో మొదలు కాలేదు. అమెరికాలో రైతులు కంచరగాడిదల జతకు ముందువైపు ఒక చెక్కపలక అమర్చి, జంతువుల చేత దానిని తోయించేవారు. మన దగ్గర గుంటక ఉంది. దాని ఇనుప పలక అడ్డంగా నేలలోకి దిగి, పైపొరను కోసి, కలుపు వేళ్ళను తెంచుతుంది. రెండింటి ధర్మమూ ఒక్కటే, పలక ఎంత లోతుకు దిగాలో నిర్ణయించేది వెనుకనున్న మనిషి చెయ్యి. గుంటక తోలే రైతు మేడి మీద బరువు వేస్తే పలక దిగుతుంది, తేలిక చేస్తే తేలుతుంది. బుల్‌డోజరు శాస్త్రమంతా ఈ ఒక్క వాక్యానికి వ్యాఖ్యానమే.

1904 నవంబరులో కాలిఫోర్నియా రాష్ట్రం స్టాక్‌టన్ దగ్గర బెంజమిన్ హోల్ట్ అనే ఆయన తన ఆవిరి ట్రాక్టరుకు చక్రాలు తీసివేసి గొలుసుపట్టాలు తొడిగి పరీక్షించాడు. అక్కడి డెల్టా నేలలు మెత్తనివి. చక్రాల బండ్లు దిగబడిపోయేవి. బరువును గొలుసు పొడవునా పరచడంతో బండి నేల మీద తేలినట్లు నడిచింది. హోల్ట్ సంస్థ, దాని పోటీదారైన బెస్ట్ సంస్థ కలిసి 1925లో కాటర్‌పిల్లర్ కంపెనీ అయ్యాయి.

గొలుసుబండికి ముందు పలక తగిలించిన వారిలో చరిత్రకెక్కిన ఇద్దరు కాన్సాస్ రాష్ట్రపు మోరోవిల్ వాసులు. ఒకరు జేమ్స్ కమింగ్స్ అనే రైతు, రెండవవారు ఎర్ల్ మెక్‌లాయిడ్ అనే నమూనాచిత్రకారుడు. అప్పట్లో ఆ ప్రాంతంలో చమురు గొట్టాలు వేస్తున్నారు. కందకం తవ్వి గొట్టం దింపిన తరువాత మట్టిని తిరిగి కప్పడం పెద్ద పని. 1923లో వీరిద్దరూ పాత సామాను ఏరితెచ్చి, ట్రాక్టరు ముక్కుకు ఒక ఇనుప పలకను ఎత్తడానికీ దించడానికీ వీలుగా అమర్చారు. 1925 జనవరి 6న దానికి పేటెంటు వచ్చింది. పేటెంటులో బుల్‌డోజరన్న పేరు లేదు, ట్రాక్టరు తగిలింపు అని మాత్రమే ఉంది. నోరు లేని సాధుజంతువు వంటి ఆ పరికరానికి కొరడా పేరు ఎవరు తగిలించారో గాని, అది ఊడకుండా అతుక్కుపోయింది.

తరువాత లటూర్నో అనే ఇంజనీరు వంటివారు పలకను ఇనుప తీగతాళ్ళతో పైకి లాగే ఏర్పాటు చేశారు. తాడు పలకను ఎత్తగలదే గాని నొక్కలేదు. పలక తన బరువుతోనే నేలలోకి దిగాలి. గట్టినేల మీద అది జారిపోయేది. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ పద్ధతి వచ్చాక పలకను కిందికి అదిమిపట్టడం సాధ్యమైంది. ఇంత శక్తి చేతికి వచ్చిన తరువాత కూడా పనివానికి, పనివాడు కానివానికి తేడా పోలేదు. పైగా ఇంకా స్పష్టమైంది.

ఆ తేడా ఏమిటో నాకు కొంత బోధపరచిన వాడు, నేను పనిచేస్తున్న ఊరిలో బడి ఆటస్థలం చదును చేయడానికి వచ్చిన ఒక ఆపరేటరు. 1990లనాటి మాట. మూడు రోజులు మా ఊళ్ళోనే ఉన్నాడు. విరామ సమయంలో చెట్టుకింద కూర్చున్నప్పుడు అడిగాను, అంత ఎత్తున కూర్చుంటే పలక కిందిఅంచు మీకు కనబడదు గదా, ఎంత లోతు కోస్తున్నదీ ఎలా తెలుస్తుందని. "కంటితో కాదు మాస్టారూ, నడుముతో తెలుసుకోవాలండి. బండి ముక్కు లేచేది ముందు సీటుకి తెలుస్తది, తర్వాతే కంటికి తెలుస్తది. కన్నుని నమ్ముకుంటే అప్పటికే దాటిపోయి ఉంటామండి" అన్నాడు. అతని మాటలు, ఆ తరువాత చదివినవి కలిపి, పలక పని ఎలా సాగుతుందో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మొదటిది కోత. పలకను ఒక్కసారిగా లోతుకు దింపితే బండి ముక్కు నేలకు గుచ్చుకుని, గొలుసులు ఉన్నచోటనే తిరుగుతూ నేలను పాడుచేస్తాయి. కొద్దిగా దింపి, మట్టి పలక వంపులో కిందినుండి పైకి, పైనుండి ముందుకు దొర్లుతూ నిండేదాకా కోయాలి. నిండగానే పలకను కొంచెం తేల్చి, కోత ఆపి, మోత మొదలుపెట్టాలి. నిండిన తరువాత కూడా కోస్తూ పోవడం ఇంజనుకు శ్రమే తప్ప ఫలం లేదు.

రెండవది మోత. పలక చేట కాదు, దానికి పక్కగోడలు లేవు. తోస్తూ ఉంటే మట్టి రెండు చివరల నుండి జారిపోతూనే ఉంటుంది. దీనికి పనివారు కనిపెట్టిన ఉపాయం చక్కనిది. ప్రతిసారీ ఒకే జాడలో నడుస్తారు. మొదట జారిపోయిన మట్టి జాడకు అటూ ఇటూ గట్లు కడుతుంది. తరువాతి విడతలలో ఆ గట్లే పక్కగోడలై మట్టిని పలక ముందు నిలబెడతాయి. ఒక జాడ లోతుగా అయ్యాక, మధ్యలో సన్నని గట్టు వదిలి పక్క జాడ మొదలుపెడతారు. ఆఖరున ఆ గట్లను కూడా తోసివేస్తారు. జారిపోయినదే ఆధారం కావడం ఇందులోని అందం. సాధ్యమైనంతవరకు పల్లానికే తోస్తారు. భూమి ఆకర్షణే సగం పని చేస్తుంది. దూరం దాదాపు నూరు మీటర్లు దాటితే బుల్‌డోజరు చేత మోయించడం దండుగ, అక్కడ వేరే బండ్లు కావాలి.

మూడవది, అన్నిటికంటె కష్టమైనది, చదును. పలక ముందు ఉంటుంది, బండి వెనుక ఉంటుంది. గొలుసు ఒక చిన్న మిట్ట ఎక్కితే ముక్కు లేస్తుంది. ముక్కుతోపాటు పలకా లేచి అక్కడ మట్టిని వదిలేస్తుంది. మిట్ట దాటగానే ముక్కు వాలుతుంది, పలక గుంట తవ్వుతుంది. బండి వెనక్కు వచ్చి మళ్ళీ నడిస్తే ఇప్పుడు ఆ కొత్త మిట్ట, కొత్త గుంట వల్ల తప్పు ఇంకా పెద్దదవుతుంది. కొత్తవాడు చదును చేసిన నేల అందుకే అలలు అలలుగా ఉంటుంది. నేర్పరి ముక్కు లేవబోతున్నదని తెలియగానే పలకను పిసరంత దించుతాడు, వాలబోతున్నప్పుడు పిసరంత ఎత్తుతాడు. పలకలో కొంత మట్టి ఎప్పుడూ ఉండేలా చూసుకుంటాడు. ఆ మట్టి గుంటలను నింపుకుంటూ పోతుంది, పలక కూడా కుదురుగా నడుస్తుంది. చివరగా పలకను తన బరువు మీద వదిలి వెనక్కు నడిపి, గొలుసుల గుర్తులు చెరిపేస్తాడు. మొత్తం మీద ఈ విద్యలో దించడం ఒక్కరోజులో వస్తుంది. ఎత్తడం రావడానికి ఏళ్ళు పడుతుంది.

ఈ చివరి మాట చరిత్రలో ఎంత పెద్ద యెత్తున నిజమైందో చెప్పడానికి 1942లో అలాస్కాకు వెళ్ళాలి.

1941 డిసెంబరులో పెర్ల్ హార్బరు మీద జపాను దాడి జరిగాక, అమెరికాకు అలాస్కాను గురించి బెంగ పట్టుకుంది. అది తమ భూభాగమే గాని, మధ్యలో కెనడా అడ్డం. అక్కడికి నేలమీద దారి లేదు. 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రహదారికి అనుమతి ఇచ్చాడు. మార్చిలో కెనడాలోని డాసన్ క్రీక్ దగ్గరికి రైళ్ళలో సైనిక ఇంజనీర్లు దిగారు. అలాస్కాలోని డెల్టా జంక్షను దాకా దాదాపు 1,400 మైళ్ళు. మధ్యలో అడవులు, నదులు, బురదలు, పర్వతాలు. చలికాలం రాకముందే దారి పడాలి. పదివేలకు పైగా సైనికులు ఆ పనికి వెళ్ళారు. వారిలో సుమారు మూడోవంతు నల్లజాతివారు.

అప్పటి అమెరికా సైన్యంలో నల్లవారికి, తెల్లవారికి దళాలు వేరు. ఏడు ఇంజనీరు రెజిమెంట్లు ఈ రహదారి వేస్తే వాటిలో మూడు, అంటే 93, 95, 97వ రెజిమెంట్లు, నల్లజాతివి. అలాస్కా రక్షణకు అధిపతిగా ఉన్న జనరల్ సైమన్ బొలివార్ బక్నరుకు వారి రాక ఇష్టం లేదు. యుద్ధం తరువాత వారు అక్కడే స్థిరపడిపోతారేమోనన్నది ఆయన భయం. ఆయన తండ్రి అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడిన జనరల్. నల్ల సైనికులను వీలైనంతవరకు ఊళ్ళకు దూరంగా, అడవులలోనే ఉంచారు.

పని పద్ధతి ఇలా ఉండేది. ముందు సర్వే బృందం చెట్లకు గుర్తులు పెట్టుకుంటూ వెళ్ళేది. వెనుక ఒక పెద్ద బుల్‌డోజరు నడుమ గీత వెంట అడవిలోకి దూరేది. చెట్టును పడగొట్టడానికి పలకను నేలకు ఆనించరు. వీలైనంత ఎత్తున మానుకు ఆనించి మెల్లగా నెడతారు. ఎత్తున నెడితే మానే మీటకర్రలా పనిచేసి వేళ్ళను పెకలిస్తుంది. చెట్టు వాలడం మొదలుకాగానే బండిని వెనక్కు లాగాలి, లేకపోతే లేచిన వేళ్ళముద్ద బండిని కిందినుండి ఎత్తేస్తుంది. అప్పుడు పలకను దించి, వేళ్ళకింద పెట్టి తోయాలి. మొదటి బండి సందు చేసుకుంటూ పోతే, వెనుక వచ్చేవి పడిన చెట్లను ఇరుపక్కలకూ తోసేవి. అలాస్కా అడవులలోని స్ప్రూస్ చెట్ల వేళ్ళు లోతుకు పోవు. అందువల్ల ఈ పని ఆశ్చర్యమైన వేగంతో సాగింది.

ఆ వేగమే వారిని మోసం చేసింది. ఉత్తరానికి పోయినకొద్దీ నేల స్వభావం మారింది. పైన అడుగు మందాన నాచు, దాని కింద ఎండాకాలంలోనూ కరగని గడ్డనేల. మామూలుగా రహదారి వేసేటప్పుడు చేసేది పైనున్న మెత్తటి పొరను పలకతో గీకివేసి గట్టినేలను బయటపెట్టడం. ఇక్కడా అదే చేశారు. పలక కింద రాయిలాంటి గట్టినేల తేలింది. సంతోషించారు. ఆ తరువాత ఎండ తగిలింది. యుగాలుగా నాచుదుప్పటి కింద నిద్రపోతున్న మంచు కరగసాగింది. గట్టినేల బురదగుంటయింది. బురదను మళ్ళీ గీకితే అడుగున మరింత మంచు బయటపడి అదీ కరిగింది. ఎంత కోస్తే అంత దిగబాటు. లారీలు, ట్రాక్టర్లు కూరుకుపోయాయి.

చివరికి వారు నేర్చుకున్నది ఇది, పలకను ఎత్తాలి. నాచును ముట్టుకోకూడదు. చెట్లను చేతిగొడ్డళ్ళతో నరకాలి, వేళ్ళు నేలలోనే ఉండనివ్వాలి. కొమ్మలను, దుంగలను నాచు మీద అడ్డంగా పేర్చి, ఆ పైన కంకర పోసుకుంటూ, పోసిన కంకర మీదనే బండి నిలబడి ముందుకు పరచుకుంటూ పోవాలి. కోసి చదును చేయడం కాదు, కప్పి చదును చేయడం. నూరు గుర్రాల శక్తికి మించిన యంత్రానికి అక్కడ దక్కిన విజయం, కోయకుండా ఉండడం నేర్చుకోవడం.

ఈ చరిత్రలో ఇంకో వైపు ఉంది. 95వ రెజిమెంటుకు యంత్రాలు దక్కలేదు. బుల్‌డోజర్లు ముందు నడిచే తెల్లదళానికి వెళ్ళాయి. వీరికి మిగిలినవి చాలావరకు చేతి పనిముట్లే. నల్లవారికి పెద్ద యంత్రాలు నడిపే నేర్పు ఉండదన్నది నాటి అధికారులలో చాలామంది నమ్మకం. అదే రెజిమెంటు వారు 1942 జులైలో సికానీ చీఫ్ నది మీద సుమారు 300 అడుగుల కట్టెల వంతెనను, చుట్టూ ఉన్న అడవిలోని మానులతోనే, నాలుగు రోజులలోపు నిలబెట్టారు. రాత్రి పనికి లారీల దీపాలే వెలుగు. గడువులోగా పూర్తిచేస్తామని తమ జీతాలు పందెం కాసి మరీ చేశారంటారు. యంత్రం చేతికి ఇవ్వనివారి చేతి నేర్పు అది.

97వ రెజిమెంటు అలాస్కా వైపు నుండి తూర్పుకు వస్తున్నది. కెనడా వైపు నుండి తెల్లవారి 18వ రెజిమెంటు పడమరకు పోతున్నది. 1942 అక్టోబరు 25న, యూకాన్‌లోని బీవర్ క్రీక్ దగ్గర అడవిలో, 97వ రెజిమెంటుకు చెందిన కార్పొరల్ రెఫైన్స్ సిమ్స్ తన బుల్‌డోజరు తోలుకుంటూ వస్తున్నాడు. ఫిలడెల్ఫియా వాడు, నల్లజాతివాడు. ఎదురుగా చెట్లు తన మీదికే వాలడం చూచి బండిని చప్పున వెనక్కు లాగాడు. మరుక్షణం పొదలు చీల్చుకుని ఇంకో బుల్‌డోజరు బయటపడింది. దాని మీద ఉన్నవాడు 18వ రెజిమెంటు సైనికుడు ఆల్ఫ్రెడ్ జలూఫ్కా, టెక్సస్ రాష్ట్రపు తెల్లవాడు. రెండు పలకలూ ఎదురెదురుగా నిలిచాయి. ఇద్దరూ దిగి చేతులు కలుపుకున్నారు. దారి కలిసింది. ఆ దృశ్యపు ఛాయాచిత్రం పత్రికలలో వచ్చింది.

మాట వెంట నడిచివచ్చిన నాకు ఆ చిత్రం దగ్గర అడుగు ముందుకు పడలేదు. 1876లో బుల్‌డోజరంటే నల్లవానిని పోలింగు దారి నుండి తరిమిన కొరడాధారి. 66 ఏళ్ళ తరువాత బుల్‌డోజరంటే ఒక నల్లవాని చేతిలోని పనిముట్టు. దానితో అతడు దారి వేసుకుంటూ వచ్చి ఒక తెల్లవానితో చెయ్యి కలిపాడు. ఇంత చక్కని అర్థపరిణామం ఏ నిఘంటువు చూపగలదు అనిపించింది. కాని చరిత్ర అంత తొందరగా చక్కబడదు. అలా చెయ్యి కలిపిన ఇద్దరూ తిరిగి వేరువేరు దళాలకే వెళ్ళారు. సైన్యంలో ఈ విభజన తీసివేస్తూ అధ్యక్షుడు ట్రూమన్ ఆదేశం ఇచ్చింది 1948 జులై 26న. ఈ నల్ల సైనికుల పని చాలాకాలం మరుగునే ఉంది. 1993లో అలాస్కాలో గెర్స్‌ల్ నది వంతెనకు నల్ల సైనికుల స్మారకంగా పేరు మార్చారు. 2017లో అలాస్కా రాష్ట్రం అక్టోబరు 25ను వారి స్మరణదినంగా చట్టం చేసింది. వంతెన పేరు మారడానికే అర్ధశతాబ్దం పట్టింది.

వారి కష్టం పెద్దదే గాని, వారు వేసిన దారి అందరికీ మేలే చేసిందని చెప్పలేము. ఆ అడవులలో తరతరాలుగా నివసించిన ఆదివాసులు సర్వే బృందాలకు కాలిదారులు చూపించారు. ఆ దారివెంటే వారి ఊళ్ళకు కొత్త రోగాలు వచ్చాయి. టెస్లిన్ అనే గ్రామం 1942–43లో తట్టు వంటి అంటురోగాలతో ఒకదాని తరువాత ఒకటిగా బాధపడింది. పలక ముందు ఏమి ఉన్నదో తోలేవానికి కొంతవరకే కనబడుతుంది.

దాదాపు ఇదే సమయంలో మన దేశంలోనూ ఇటువంటి కథే నడిచింది. బర్మాను జపాను ఆక్రమించడంతో చైనాకు సరుకు పంపడానికి అస్సాంలోని లీడో నుండి దారి కావలసి వచ్చింది. 1942 డిసెంబరులో అమెరికా ఇంజనీర్లు పని అందుకున్నారు. మొదట దిగినవారిలో 45వ ఇంజనీరు రెజిమెంటు, 823వ విమానాశ్రయ ఇంజనీరు బెటాలియను ఉన్నాయి. రెండూ నల్లజాతి దళాలే. ఇక్కడ మంచు లేదు, నిలువు కొండలు, ఎడతెగని వానలు. కొండవాలులో దారి తొలిచేటప్పుడు బుల్‌డోజరు పైనుండి మొదలుపెట్టి, మట్టిని లోయవైపు తోస్తూ, మెట్టులాంటి బల్లను చెక్కుకుంటూ పోతుంది. ఆ బల్ల లోపలివైపు కొంచెం వాలి ఉండేటట్లు కోయాలి, అప్పుడు బండి కొండకు ఆనుకుని నడుస్తుంది. బయటివైపు కొత్తగా పోసిన వదులుమట్టి మీద గొలుసు మోపితే లోయే గతి. అలా దొర్లిపోయిన బండ్లు, మనుషులు కూడా ఉన్నారు. 1943 ఫిబ్రవరి 28న మొదటి బుల్‌డోజరు పాంగ్సౌ కనుమ దగ్గర బర్మా సరిహద్దు దాటింది. 1945 జనవరి 12న లీడోలో బయలుదేరిన తొలి వాహనశ్రేణి ఫిబ్రవరి 4న చైనాలోని కున్‌మింగ్ చేరింది. అది 1,079 మైళ్ళ దారి. ఆ పనిలో వేలాది మన కూలీలు కూడా ఉన్నారు.

యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలి వెళ్ళిన గొలుసుబండ్లతో మన ప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్‌ను నడిపింది. మధ్య భారతంలో లక్షల ఎకరాలు రెల్లుగడ్డి ఆక్రమించి బీడు పడి ఉన్నాయి. శరత్కాలంలో తెల్లగా పూచి కవులకు ఉపమానంగా పనికివచ్చే రెల్లే, రైతుకు మాత్రం పగ. దాని వేళ్ళు నాగలికి అందవు. ఆ నేలలను బాగుచేసే యంత్రాలకోసమే 1949లో ప్రపంచబ్యాంకు మనకు కోటి డాలర్ల అప్పు ఇచ్చింది. యుద్ధం కోసం వచ్చిన యంత్రం సేద్యానికి దారి చేసింది.

అయితే అదే కాలంలో మనవారు ఇంకో దారీ చూపించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరాన్ని యంత్రాల మీద కన్నా మనుషుల చేతుల మీద ఎక్కువగా ఆధారపడి కట్టారు. రాతితో కట్టిన నడిమి ఆనకట్టకు ఇరువైపులా మట్టికట్టలున్నాయి. మనుషులకు పని దొరకాలన్నది ఆ నిర్ణయంలోని ఉద్దేశాలలో ఒకటి. 1967లో కాలువలకు నీరు వదిలారు. తట్టలు మోసిన వారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఈ విషయంలో అలాస్కాకూ మనకూ పెద్ద తేడా లేదు.

నేటి బుల్‌డోజర్లలో ఉపగ్రహాల సంకేతాలను పట్టుకుని పలకను తనంతట తానే ఎత్తి దించే ఏర్పాట్లున్నాయి. ఆపరేటరు నడుముతో తెలుసుకున్నదానిని ఇప్పుడు పరికరం లెక్క కట్టి తెలుసుకుంటుంది. అలలు లేని చదును కొత్తవాడూ చేయగలడు. అది మంచిదే. కాని ఎంత లోతు కోయాలో చెప్పగలిగిన యంత్రానికి, కోయాలా వద్దా అన్నది తెలియదు. పలక ముందున్నది పొలమా, పాటిదిబ్బా, చెరువుకట్టా, ఒకరి ఇల్లా అన్న వివేకం దానికి లేదు. అలాస్కాలో నాచుపొర విలువ తెలియనంతకాలం బలమున్నా దారి పడలేదు. మన ఊళ్ళలో పైమట్టి కూడా అటువంటి దుప్పటే. ఒక అంగుళం పైమట్టి ఏర్పడడానికి వందల ఏళ్ళు పడుతుంది. పలక దానిని ఒక్క విడతలో గీకి పక్కన పారేస్తుంది.

1876నాటి మొదటి అర్థం మరుగున పడిందా అని మొదట అడిగాను. పడలేదనే నా అభిప్రాయం. అది ఇనుములో నిద్రపోతున్నది. ఎదుటివాని మాట వినకుండా నేలను, ఇంటిని, మనిషిని ఒకే ఊపున తోసిపారేయడానికి ఆ పలకను దించినప్పుడల్లా మాట తన పాత అర్థాన్ని గుర్తు చేసుకుంటుంది. దారి వేయడానికి, చెరువు కట్టడానికి, బీడును పొలం చేయడానికి దించినప్పుడు మాత్రం సిమ్స్ ఇచ్చిన అర్థంలోకి వస్తుంది. రెండు అర్థాలూ ఒకే లీవరు కింద ఉన్నాయి. దాని మీద చెయ్యి ఎవరిది, దించమన్నది ఎవరు అన్నదే ఎప్పటికీ ప్రశ్న.

మన చెరువులు, కాలువలు, మట్టికట్టలు కట్టిన వారి పనిమాటలు, మట్టిని కొలిచే, కోసే, చదును చేసే పలుకుబళ్ళు మీ ప్రాంతంలో వినికిడిలో ఉంటే దయచేసి వ్యాఖ్యలలో తెలియజేయండి. ఉత్తరాంధ్ర మాట వేరు, పాలమూరు మాట వేరు, అనంతపురం మాట వేరు. అవన్నీ ఒకచోట చేరితే మంచి పదకోశమే అవుతుంది. పలక కిందపడి పోకముందే ఏరుకోవడం మన పని.